లోపల ఉంచిన కట్ట

"మాచిపత్రి ఎంతున్నాదో అంతా కట్టెయ్ సావుకారూ," అన్నాడు ముసలాయన.

భీమశంకరరావు తలెత్తి చూశాడు. పాత సైకిలు, వెనక గోనెసంచి, మోకాళ్ల దాకా బురద. ఎప్పుడైనా చూసినట్టు గుర్తులేదు.

విజయనగరం గంటస్తంభం దగ్గర భీమశంకరరావుది పూజాసామాన్ల కొట్టు. వినాయక చవితి వెళ్లిందంటే మాచిపత్రి మళ్లీ ఏడాది దాకా ఎవరికీ పట్టదు. ఈ ఏడు అలా కాదు, చవితికి ముందునుంచీ దానికి ఎక్కడలేని గిరాకీ.

ఊరంతా జ్వరాలు. మలేరియా మందు తయారయ్యేది మాచిపత్రి జాతి మొక్కనుంచేనని ఎవరో ఫోన్లో వీడియో పెట్టారు. అది చూసి జనం ఆకు కొనుక్కుపోయి కషాయాలు కాచుకోవడం మొదలెట్టారు.

ఇంత ఆకు ఏం చేసుకుంటావని భీమశంకరరావు అడిగాడు.

"జొరానికి ఇది పన్జెయ్యదు సావుకారూ. ఎవులడిగినా లేదని సెప్పు," అన్నాడు ముసలాయన.

పనిచెయ్యదంటూనే కట్టలన్నీ సంచిలో కుక్కుకున్నాడు.

భీమశంకరరావుకి లోపల నవ్వొచ్చింది. ముప్ఫయ్యేళ్ల వ్యాపారం ఆయనది. సరుకు ఎందుకూ కొరగాదని చెబుతూనే మొత్తం ఎత్తుకుపోయే బేరగాళ్లను ఎంతమందినో చూశాడు. ఈ ముసలాడు ఎక్కడో కషాయం కాచి సీసాల్లో అమ్ముతున్నాడని తేల్చేసుకున్నాడు.

వెళ్లబోతూ ముసలాయన ఆగాడు.

"లోపల ఇంకో కట్టేటైనా ఉండిపోనాదేటి?"

"లేదు."

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. అంతా కొనడం, వెళ్తూ వెళ్తూ అదే మాట అడగడం. భీమశంకరరావు మాత్రం ఊరుకుంటాడా? ఆకు తెచ్చే ఆడవాళ్లకి రెండింతలు తెమ్మని పురమాయించాడు.

నాలుగోనాడు ఆయన చెప్పిన "లేదు" అబద్ధం. ఒక కట్ట తడిగుడ్డలో చుట్టి లోపల దాచాడు. అది ఇంటికి.

ముందురోజే మనవరాలు హర్షితకి జ్వరమొచ్చింది. ఏడేళ్ల పిల్ల. రక్తం పరీక్షలో మలేరియా అని తేలింది. ఆసుపత్రిలో మూడురోజులకి మాత్రలిచ్చారు. మొదటిరోజు మాత్రలు వేసేసరికి ఒళ్లు చల్లబడింది, కానీ కడుపులో తిప్పుతోందని పిల్ల ఏడ్చింది.

"మాత్ర పుట్టిందే ఈ ఆకులోంచి. తల్లి ఆకు ఇంట్లో ఉండగా పిల్ల మాత్రలెందుకు?" అన్నాడు భీమశంకరరావు.

మూడురోజులూ వెయ్యాలన్నారు మావయ్యగారూ అని కోడలు రాధిక ఒకసారి అంది. కాసేపాగి ఇంకోసారి అంది. ఆయన మాటకి మూడోసారి ఎదురుచెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు. మిగిలిన మాత్రలు దేవుడి అలమరలోకి వెళ్లాయి.

కషాయం తనే కాచాడు. బెల్లం కలిపి, ఊది చల్లార్చి, పక్కన కూర్చుని పట్టాడు. ఆ పిల్లంటే ఆయనకి ప్రాణం.

"తాతా, నీ చెయ్యి వినాయకుడి వాసనొస్తంది," అని హర్షిత నవ్వింది.

రెండ్రోజుల తర్వాత పొద్దున్న ఎంత పిలిచినా పిల్ల కళ్లు తెరవలేదు. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే రాధిక ఒళ్లో ఫిట్సు వచ్చింది.

మాత్రలన్నీ వేశారా అని డాక్టరు అడిగాడు. భీమశంకరరావు ఆకు సంగతి చెప్పాడు. డాక్టరు తిట్టలేదు, తిడితే బాగుండునని ఆయనకి అనిపించింది.

"మందు వచ్చేది ఆకులోంచే, నిజమే. కానీ ఆ మొక్క వేరు, ఇది దాని చుట్టం మాత్రమే. ఇప్పుడు సూదిలో ఎక్కిస్తున్నది ఆ మందే. మొన్నటి మాత్రలు ఆపకుండా ఉంటే ఇంతవరకూ వచ్చేది కాదు. ఇక చూద్దాం," అన్నాడు.

ఏ మూల సరుకైనా రెండ్రోజుల్లో తెప్పించగలనని చెప్పుకునే మనిషి గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. మనవరాలి ఛాతీ పైకి లేవడం, కిందికి దిగడం చూస్తూ నిలబడ్డాడు. ఇంక చెయ్యడానికి ఏమీ లేదు.

మధ్యాహ్నం వార్డు గుమ్మంలో సైకిలు ముసలాయన కనిపించాడు. భుజాన ఖాళీ గోనెసంచి. ఒక్కో మంచం దగ్గరా ఆగుతున్నాడు, ఏం మందు వేస్తున్నారని అడుగుతున్నాడు. అలా అడుగుతూ హర్షిత మంచం దాకా వచ్చి ఆగిపోయాడు. పిల్లని చూశాడు. భీమశంకరరావుని చూశాడు.

"లోపల ఒక కట్ట ఉండిపోనాదా సావుకారూ?"

ఆ గొంతులో కోపం లేదు. భీమశంకరరావు తలూపాడు.

ముసలాయన హర్షిత పాదాలమీద దుప్పటి సరిచేసి బయటికి వెళ్లిపోయాడు.

ఆయనెవరని భీమశంకరరావు నర్సు శైలజని అడిగాడు. గరివిడి అవతల ఊళ్లో రైతని, పేరు సూరయ్య అని, రోజూ ఆకు మోపులు కొని తన చేలో గొయ్యి తీసి పూడ్చేస్తున్నాడని చెప్పింది.

"పూడ్చడమేంటమ్మా?"

శైలజ సెలైను సరిచేస్తూ గొంతు తగ్గించి చెప్పింది.

"కిందటి నెల ఈ వార్డులోనే ఆయన మనవరాలు పోనాది బాబూ. కషాయం కాసి పట్టింది ఆయనే. ఆ ఆకు గంటస్తంభం కాడ పూజాసామాన్ల కొట్లో కొన్నాడంట."