నలుపు తెలుపు దారం

"ఆ కుర్చీ లోపలికి రాకూడదు. కొత్తగా పరిచిన రాళ్లు పగుల్తాయి." పార్కు గేటుకు గొలుసు అడ్డం కట్టి నిలబడ్డాడు కాపలాదారు కుబాత్.

"పిల్లల తోపుడు బండ్లకు పగలని రాళ్లు ఈ పిల్లకే పగుల్తాయట్రా?" అందరూ అపా అని పిలిచే పెద్దావిడ సైరకాన్ గొలుసు పట్టుకుని గుంజింది. "ఈ వాలుదారి కట్టింది నువ్వు కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కోడానికా? తియ్యి!"

చక్రాల కుర్చీలో ఉన్న బెగాయిమ్ నవ్వింది. "పోనీలే అపా. గేటు బయట నాకు అలవాటే కదా."

"నువ్వు ఊరుకోవే. నువ్వు రాకపోతే నా మనవడికి నడకే లేదు."

"నా ఉద్యోగం పోతే భోజనానికి మీ ఇంటికే వస్తానపా," గొణుగుతూ కుబాత్ గొలుసు విప్పాడు.

లోపల గడ్డి మీద, ఏడాది నిండిన మనవడు ఎల్నార్‌ను కాళ్లకు నలుపు తెలుపు దారం ముడేసి నిలబెట్టారు. దూరంగా కుర్రాళ్లు పరుగుకు సిద్ధంగా ఉన్నారు. ముందు వచ్చినవాడు దారం కోస్తాడు. కోసినవాళ్ల నడకే బిడ్డకు వస్తుందని నమ్మకం.

"పందెం లేదు, పొండి," అంది సైరకాన్. "ఈ పిల్ల కోస్తుంది."

కోడలు మీరిమ్ తెల్లబోయింది. అత్తను పక్కకు లాగింది. "నడవలేని మనిషి చేతా? మీకేమైనా మతి పోయిందా అపా?"

సైరకాన్ గేటు వైపు చెయ్యి చూపించింది. "నా ముగ్గురు బిడ్డల దారాలూ అందరికన్నా వేగంగా ఉరికినవాళ్లే కోశారు. ముగ్గురూ దూర దేశాలకు పోయారు, ఒక్కరైనా నా దగ్గర మిగిలారా? ఈ పిల్లను రోజూ చూస్తున్నా. ఎప్పుడూ ఆ గేటు దగ్గరే. ఎక్కడికీ పోదు. వీడూ అలాగే ఉండాలి."

మీరిమ్ చాకు తెచ్చి బెగాయిమ్ చేతికిచ్చింది.

దారం తెగింది. ఎల్నార్ తూలాడు, రెండడుగులు వేశాడు, కుర్చీ చక్రం పట్టుకుని నిలబడ్డాడు. అంతా కేకలు పెట్టారు. పొద్దుటి నుంచి పీచుపీచుమంటున్న సైరకాన్ గుండె అప్పటికి కుదుటపడింది.

"ఉండవే, ప్లోవ్ అన్నం తిని పోదువు."

"లేదపా, విమానానికి టైమైంది."

"విమానమా! ఎక్కడికే?"

"ఇస్తాంబుల్. కుర్చీల పరుగు పందెం. గెలిస్తే అక్కడే ఉండిపోవచ్చు." బెగాయిమ్ చక్రాలు తిప్పుతూ గేటు వైపు చూసి నవ్వింది. "లోపలికి రానివ్వలేదుగా, రోజూ ఈ పార్కు గోడ చుట్టూ తిరిగి తిరిగి నేర్చుకున్నా. గేటు దగ్గర నన్ను మీరు చూసింది, ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు."