వరదకు పైకి, భూకంపానికి కిందికి

"నాన్న మంచం పైకి లాగరా! రాత్రికి నది గట్టు దాటుతుందంటున్నారు" అన్నాడు అన్న, మడత మంచం ఒక కొస పట్టుకుని కింది మెట్టు మీద నిలబడి.

"పైకా? పొద్దున్నుంచి భూమి కంపిస్తూనే ఉంది. ఇంకా పెద్దది వస్తుందట. కప్పు కూలితే ఎవడిది పూచీ? నాన్న కిందే ఉండాలి" అన్నాడు తమ్ముడు, అదే మంచం రెండో కొస పట్టుకుని పై మెట్టు మీద నిలబడి.

మంచం అటూ కదల్లేదు, ఇటూ కదల్లేదు. పెద్దాయన తలగడ చంకన పెట్టుకుని, మెట్ల మలుపులో గోడకు ఆనుకుని, అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దర్నీ చూస్తున్నాడు.

కింది వాటా అన్నది, పై వాటా తమ్ముడిది. ఒక పక్క వరద, ఇంకో పక్క భూకంపం. గోటిచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. అయినా జాగ్రత్తల్లో అన్నదమ్ములు ఏ లోటూ చేయలేదు. నీళ్లకు తడవకుండా అన్న తన టీవీ, ఫ్రిజ్, పరుపులు తమ్ముడి హాల్లోకి ఎక్కించాడు. ఊగి మీద పడకుండా తమ్ముడు తన అద్దాల బీరువా, అటక మీది ఇనప్పెట్టెలు అన్న గదిలోకి దించాడు. సామాన్ల విషయంలో వాళ్ల సఖ్యత చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. పేచీ అంతా పెద్దాయన దగ్గరే వచ్చింది.

"మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు. నీళ్లొస్తే గబగబా ఎక్కలేరు. పైనుంటేనే మంచిది" అంది పెద్ద కోడలు.

"అదేగా నేనూ అనేది అక్కా! భూమి ఊగితే గబగబా దిగలేరు. కిందుంటేనే మంచిది" అంది చిన్న కోడలు.

ఇద్దరి మాటా నిజమే. చిక్కంతా అక్కడే వచ్చింది.

"పోనీ మా హాల్లో ఓ మూల వేద్దామంటే ఆ మూల మీ ఫ్రిజ్జే ఉందాయె" అన్నాడు తమ్ముడు.

"మా గదిలో మీ బీరువా లేదూ? అది నాన్న మీద పడితే?"

పెద్దాయన లిఫ్టు ఆపరేటర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. "ఉద్యోగమంతా జనాన్ని పైకీ కిందికీ తిప్పాను. ఇప్పుడు నా వంతొచ్చినట్టుంది" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు.

చివరికి ఎవరి మాటా పోకుండా మంచం మెట్ల మలుపులోనే వేశారు. "పైకీ దగ్గరే, కిందికీ దగ్గరే" అని అన్న సర్దిచెప్పాడు. పెద్ద కోడలు మంచినీళ్ల సీసా, మందుల డబ్బా తెచ్చిపెట్టింది. చిన్న కోడలు ఓ ఈల ఇచ్చింది.

"ఏదైనా అయితే ఊదండి మామయ్యా."

"ఊదితే ఎవరొస్తారమ్మా? పైవాళ్లా, కిందివాళ్లా?"

ఆమె వినిపించుకోనట్టు వెళ్లి తలుపేసుకుంది. కింద తలుపు కూడా మూసుకుంది. పెద్దాయన ఈల తలగడ కింద పెట్టుకున్నాడు. కాళ్లు చాపుకునే చోటు లేక ముడుచుకుని పడుకున్నాడు.

సాయంత్రం గేటు ముందు వ్యాను ఆగింది. సహాయక దళం కుర్రాడు మైకు అందుకున్నాడు.

"గుట్ట మీద స్కూల్లో శిబిరం పెట్టాం. అక్కడికెళ్లే వంతెన బీటలు వారింది, ఎంతసేపు నిలుస్తుందో తెలీదు. మొదటి ట్రిప్పు ముసలివాళ్లున్న వాటాలకే. వాళ్లనీ, వాళ్లతో ఉంటున్నవాళ్లనీ ఎక్కించుకుంటాం. మిగతావాళ్లు రెండో ట్రిప్పు దాకా ఆగాలి!"

రెండు తలుపులూ ఒక్కసారే తెరుచుకున్నాయి.

"నాన్న మాతోనే ఉంటాడండీ! ఇంతలేసి భూకంపాలొస్తుంటే ముసలాయన్ని పైన ఎవరుంచుతారు?" అంటూ అన్న పరుగున వచ్చి తండ్రి కుడిచెయ్యి పట్టుకున్నాడు.

"కాదండీ, మాతోనే! వరద ముంచుకొస్తుంటే కింద ఎవరుంచుతారు?" అంటూ తమ్ముడు ఎడంచెయ్యి పట్టుకున్నాడు.

కోడళ్లిద్దరూ అప్పటికే సంచులు భుజాన వేసుకుని మామగారి వెనక నిలబడ్డారు.

కుర్రాడు తల గోక్కున్నాడు. "తాతగారూ, టైము లేదు. మీరే చెప్పండి. మీది కింది వాటానా, పై వాటానా?"

పెద్దాయన నెమ్మదిగా చేతులు రెండూ విడిపించుకుని, చెప్పులేసుకున్నాడు.

"నాది మెట్ల వాటా నాయనా. అందులో నేనొక్కణ్ణే ఉంటున్నాను."