తప్పిపోయిన మేక

“దారి మూసేశాం టాంటీ. వెనక్కి వెళ్ళు,” అన్నాడు హోటల్ కాపలావాడు డెల్రాన్, కొత్త గేటుకు అడ్డంగా నిలబడి.

ఊరంతా అత్తా అన్నట్టు ‘టాంటీ’ అని పిలిచే ఎవాడ్నీ చేతికర్రను నేలకు ఆనించి అతన్ని బూట్ల నుంచి టోపీదాకా చూసింది. ఆమె వెనక బిర్గిట్, బిర్గిట్ భర్త తువ్వాళ్ళు మెడలో వేసుకుని నిలబడ్డారు. ఆ ఉదయమే తెరచాప పడవలో కారియకూ దీవి చేరి లంగరు వేసిన పర్యాటకులు వాళ్ళు. కొండ దాటించి సిప్రియన్ తీరానికి తీసుకెళతానని మాటిచ్చింది ఎవాడ్నీ. నలభై ఏళ్ళుగా పడవల మీద వచ్చేవాళ్ళను ఆమె ఈ దారినే తీసుకెళుతోంది. నిన్న సాయంత్రం హోటల్ వాళ్ళు దాన్ని కలుపుకుని కంచె వేసుకున్నారు.

“ఎవర్రా మూసింది?”

“మేనేజరు గారు.”

“ఆయన ఈ దీవికి వచ్చి ఎన్నాళ్ళయింది?”

“మొన్న ఈస్టర్‌కి వచ్చారు.”

“నువ్వు పుట్టేటప్పుడు మీ నాయన మంత్రసాని కోసం పరుగెత్తింది ఈ దారినే. అప్పుడెవరైనా మూసి ఉంటే, ఇవాళ నాకు అడ్డం నిలబడడానికి నువ్వుండేవాడివా?”

బిర్గిట్ నవ్వు ఆపుకుంది. డెల్రాన్ మాత్రం నవ్వలేదు. తింటున్న రొట్టె ముక్కను జేబులో దాచి, హోటల్ వరండా వైపు ఓరగా చూశాడు. అక్కడ మేనేజరు కాఫీ కప్పుతో కూర్చుని ఇటే చూస్తున్నాడు.

“ఇది నా ఉద్యోగం టాంటీ!” డెల్రాన్ గొంతు పెంచాడు. “తప్పిపోయిన పశువును వెతుక్కునేవాళ్ళను తప్ప ఎవరినీ పోనివ్వకూడదు. అది నాకిచ్చిన ఆర్డరు.”

ఎవాడ్నీకి ఒళ్ళు మండింది. ఇవాళ తను వెనక్కి తిరిగితే రేపు ఊరంతా తిరుగుతుంది. రెండు వానలు పడితే ముళ్ళకంప అల్లుకుంటుంది. ఆపైన ఇక్కడొక దారి ఉండేదంటే ఎవరూ నమ్మరు.

అప్పుడే కంచె లోపల మేక అరిచింది. తెల్లటి మేక, ఒక చెవి మాత్రం గోధుమరంగు. హోటల్ వాళ్ళ మందార మొక్కను తీరిగ్గా నములుతోంది.

మొక్కజొన్న, కందులు ఇళ్ళకు చేరిపోయాయి. ఇక వానలు మొదలయ్యేదాకా కారియకూలో పశువులను కట్టెయ్యరు. ఏ మేక ఎవరి నేలలోకైనా వెళుతుంది. దాని వెనక వెళ్ళే మనిషిని ఎవరూ ఆపరు.

ఎవాడ్నీ జన్మలో మేకను పెంచలేదు. ఆ వాసనే ఆమెకు పడదు.

“అదిగో నా మేక!” అంది.

“నీదా?” డెల్రాన్ వరండాకు వినబడేలా అడిగాడు. “పేరేమిటి?”

“డచెస్.”

డెల్రాన్‌కి దగ్గు వచ్చింది. ఈలోగా మేనేజరు కప్పుతో సహా దిగి వచ్చాడు.

“ఏమిటీ గోల?”

“మేకండీ. పేరు డచెస్. ఆపితే ఊళ్ళో ఒక్కరు కూడా మనకి చేపలమ్మరు.”

“ఒక్క మేకకు ముగ్గురు మనుషులా?”

“మీరెప్పుడైనా మేకను పట్టుకున్నారా బాబూ?” అంది ఎవాడ్నీ. “ఒకరు తరమాలి, ఒకరు అడ్డుకోవాలి, ఒకరు పట్టుకోవాలి. కప్పు అక్కడ పెట్టి మీరూ రండి, నలుగురమైతే త్వరగా అవుతుంది.”

మేనేజరు తన తెల్ల బూట్ల వైపు చూసుకున్నాడు. “పట్టుకుని వెంటనే బయటికి పొండి,” అన్నాడు.

గేటు తెరుచుకుంది.

“డచెస్! డచెస్!” అని అరుస్తూ ఎవాడ్నీ నడిచింది. బిర్గిట్, ఆమె భర్త కూడా గొంతు కలిపారు. మేక తల తిప్పి కూడా చూడలేదు. అది కొండ ఎక్కి, అవతలి వైపు దిగి, తీరం మీది సముద్రద్రాక్ష పొదల్లో మేత మొదలుపెట్టింది. బిర్గిట్ దంపతులు తనివితీరా ఈదారు. ఎవాడ్నీ నీడలో కూర్చుని, కూడా తెచ్చిన వేయించిన చేప వాళ్ళతో పంచుకుంది. అయినా ఆమె మనసు మేక మీదే ఉంది. దీని అసలు యజమాని ఎవరో ఊళ్ళోంచి వచ్చి, ఇది నాది అంటే?

ఎవరూ రాలేదు.

ఎండ తగ్గాక తిరిగొస్తే మేనేజరు గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు. వాళ్ళ తడి జుట్టు చూశాడు. వెనక, అందనంత దూరంలో మేక మందార మొక్క దగ్గరికి మళ్ళీ చేరింది.

“ఇంతసేపు ఏం చేశారు? మేకను పట్టుకోలేదే!”

“దొరకలేదు.”

“అయితే?”

“అయితే ఏముంది? రేపొస్తాను. దొరక్కపోతే ఎల్లుండి. వానలు పడేదాకా టైముంది.” ఎవాడ్నీ కర్రతో దారిని రెండుసార్లు తట్టింది. “దానికి దాహం వేస్తుంది, నీళ్ళ కుండ ఒకటి పెట్టించండి.”

మేనేజరు విసవిసా లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఎవాడ్నీ గేటు దాటి నాలుగడుగులు వేసింది. వెనక సన్నగా ఈల వినిపించి తిరిగి చూసింది. రోజంతా ఎవరికీ అందని మేక చెంగుచెంగున వచ్చి డెల్రాన్ జేబులో మూతి పెట్టింది. అతను రొట్టె ముక్క దాని నోటికందించి, గోధుమరంగు చెవి నిమిరాడు.

“టాంటీ,” అన్నాడు గొంతు తగ్గించి, “రేపు దీన్ని ఎన్నింటికి లోపలికి వదలమంటావు?”