తొలి పువ్వు తుంచినవాడు

కోడలు బట్టలు ఆరేద్దామని డాబా ఎక్కేసరికి, పై గదిలో అద్దెకుంటున్న బేకరీ మనిషి క్యాప్సికం కుండీ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

చూస్తుండగానే తెల్లటి పువ్వును గోటితో పుటుక్కున తుంచేశాడు.

ఆమె బకెట్ అక్కడే కుదేసింది.

“ఏం పనండీ ఇది?”

అతను ఉలిక్కిపడి లేచాడు. పువ్వు ఇంకా అరచేతిలోనే ఉంది. దాచుకోవడం కూడా చేతకాలేదు.

“మొదటి పువ్వు కదమ్మా... తీసేస్తే మొక్క బలపడుతుందని...”

“పువ్వు తీసేస్తే కాయ ఎక్కణ్ణుంచి వస్తుంది, మీ బేకరీ నుంచా?”

అతను ఒకసారి కిందికి, మెట్లవైపు చూశాడు.

ఆమె కోపం ఊరికే వచ్చింది కాదు. ఆ మొక్కలు మామగారి కోసం పెంచుతోంది. నలభై ఏళ్ళు కూరగాయల తోట చేసిన మనిషి, పక్షవాతంతో ఒక పక్క పడిపోయాక గోడవైపు తిరిగి పడుకున్నారు. తిండి సగం మానేశారు. ఇలాగైతే ఎన్నాళ్ళో చెప్పలేనని డాక్టర్ మొహం మీదే అనేశాడు. భర్త లారీ ఎక్కాడంటే వారానికి గానీ దిగడు. పొద్దున్నే కుట్టు దుకాణానికి బయల్దేరుతూ ఆ గోడవైపు తిరిగిన వీపును చూస్తే ఆమెకు ఏడుపొచ్చేది.

ఒకరోజు వంటకు క్యాప్సికం కోస్తుంటే గుప్పెడు గింజలు రాలాయి. పారేయబోయి ఆగింది.

“మామయ్యా, ఈ గింజలు నాటనా?”

మూడు నెలల తర్వాత మొదటిసారి ఆ తల ఇటు తిరిగింది.

“ఏ రంగు కాయ?” అన్నారు ముద్దముద్దగా.

“పచ్చదే. నవనవలాడుతోంది.”

ఆయన కాసేపు కోడలి మొహం చూశారు.

“నాటు తల్లీ,” అన్నారు.

పదిహేను ప్లాస్టిక్ గ్లాసులకు అడుగున చిల్లులు పెట్టి, మట్టి నింపి, గింజలు నాటి డాబా మీద వరసగా పెట్టింది. ఆ మర్నాటి నుంచి పొద్దున లేస్తూనే మామగారి మొదటి మాట “మొలిచాయా?” అదే. లేదని చెప్పడానికి ఆమెకు నోరు వచ్చేది కాదు. పది రోజులయ్యాయి. ఇరవై అయ్యాయి. మట్టి మట్టిలాగే ఉంది.

ఇరవై ఎనిమిదో రోజు చూస్తే ఆరు గ్లాసుల్లో ముద్దొచ్చే మొక్కలు నిలబడి ఉన్నాయి! మెట్లు రెండేసి దిగుతూ ఇంట్లోకి పరిగెత్తింది. ఆ పూట మామగారు గిన్నె ఖాళీ చేశారు.

మొక్కలు కాస్త ఎదిగాక కుండీల్లోకి మార్చింది. ఇప్పుడు తొలిగా పువ్వొస్తే, ఈ మనిషి తుంచి పారేస్తాడా!

అసలు అతనంటే ఆమెకు మొదట్నుంచీ పడదు. పలకరిస్తే ముక్తసరిగా ఒక మాట. ఎప్పుడు చూసినా మొక్కల ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. “దిష్టిబొమ్మ” అని పేరు కూడా పెట్టింది.

“ఇంకా ఎన్ని తుంచారు?”

“ఆరింటికీ తుంచానమ్మా.”

“ఆరింటికీనా! మీకేం ద్రోహం చేశామండీ? కింద ఒక పెద్దాయన ఈ మొక్కల మీదే ప్రాణం పెట్టుకుని ఉన్నారు, తెలుసా మీకు?”

“తెలుసమ్మా.”

తెలిసి కూడానా! ఆ జవాబుతో ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అట్నుంచి అటే ఇంటి ఓనరమ్మ దగ్గరికి వెళ్ళి, “ఈ ఇంట్లో ఆ మనిషైనా ఉండాలి, మేమైనా ఉండాలి” అని తేల్చి చెప్పింది. పదేళ్ళుగా ఉంటున్న కుటుంబాన్ని ఓనరమ్మ ఎందుకు వదులుకుంటుంది? వారం తిరక్కుండా అతను ఒక పెట్టె, చుట్టిన పరుపు బండిలో వేసుకుని వెళ్ళిపోయాడు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తప్పు చేసినవాడు ఏం చెబుతాడులే అనుకుంది.

ఈ గొడవేదీ మామగారి చెవిన వేయలేదు. మంచంలో ఉన్న మనిషికి ఇవన్నీ ఎందుకు?

పువ్వులు మళ్ళీ వచ్చాయి. ఈసారి విరగబూశాయి. కాయల బరువుకు కొమ్మలు వంగిపోతుంటే కర్రలు పాతి కట్టాల్సి వచ్చింది. దిష్టిబొమ్మ పోయాకే మొక్కలు తేరుకున్నాయని కుట్టు దుకాణంలో అందరికీ చెప్పి నవ్వించింది.

మొదటి కాయ ఎర్రగా పండగానే కోసి మామగారి చేతిలో పెట్టింది. ఆయన ఇప్పుడు దిండ్లకు ఆనుకుని కూర్చోగలుగుతున్నారు.

“చూశారా మామయ్యా, నేను నాటిన గింజలు ఎలా కాశాయో!”

మామగారు కాయను తిప్పితిప్పి చూసి నవ్వారు.

“ఇంకా దాచడమెందుకులే. పచ్చికాయ గింజ మొలవదు తల్లీ. కాయ పండితేనే గింజ ముదిరేది.”

“మరి ఇవి?”

“పై గది అబ్బాయివి. నువ్వు దుకాణానికి వెళ్ళాక రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు. నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి, కాళ్ళు పట్టేవాడు. నువ్వు పచ్చికాయ గింజలు నాటావని చెబితే, ఆ సాయంత్రమే పండుకాయ కొనుక్కొచ్చి తన కిటికీలో నారు పోశాడు. అవి ఎదిగాక నీ గ్లాసుల్లోకి మార్చాడు. నువ్వు చిన్నబుచ్చుకుంటావని, నీకు చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను.”

ఆమె మంచం పట్టె పట్టుకుంది.

“మొదటి పువ్వులు...”

“అవీ నేనే తుంచి రమ్మన్నాను. పసి మొక్కకు అప్పుడే కాయ మొయ్యడం మంచిది కాదు. నా చెయ్యి పనిచెయ్యదు కదా, అతన్ని పంపాను.”

కాయ కోసిన కత్తెర ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

“పాపం, బేకరీ వాళ్ళు ఉన్నట్టుండి వేరే ఊరి దుకాణానికి మార్చారట,” అన్నారు మామగారు. “వెళ్ళే రోజు నా కాళ్ళ దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. ‘మీ కోడలు బంగారమండీ, ఆ మొక్కల మీద ఈగ కూడా వాలనివ్వదు, మీకేం బెంగ లేదు’ అని చెప్పి మరీ వెళ్ళాడు.”