మూడో లైను లేని పాట

జూలై పద్దెనిమిది. ఫిర్యాదుల విభాగంలో ఆ తేదీ అందరికీ గుర్తే. ఆ మధ్యాహ్నం ఆఫీసరుగారు తెచ్చుకున్నవి నాలుగు బ్రెడ్డు ముక్కలు, రెండు ఉడికించిన గుడ్లు. రెండో గుడ్డు సగం కొరికి, మిగతా సగం డబ్బాలో విసిరేసి, అద్దాల గదిలోంచి బయటికొచ్చారు.

“ఎవరది? ఎవరా పాట పాడేది?”

హాల్లో ఎనిమిది తలలు కాగితాల్లోకి దూరిపోయాయి. లిఫ్టులు బాగుచేసే కంపెనీ అది. ఊళ్ళో ఎక్కడ లిఫ్టు ఆగినా ముందు తిట్లు తినేది ఈ హాలే. తిట్లు అలవాటైన చెవులే అందరివీ. కాకపోతే ఫోన్లో తిట్టేవాళ్ళు కాసేపటికి ఫోను పెట్టేస్తారు. ఈయన పెట్టరు. అందుకే చాటుగా ఆయనకు ప్రెషర్ కుక్కరని పేరు.

“నెల రోజులుగా చూస్తున్నాను. నేను రిజిస్టర్లో తల దూర్చగానే మొదలవుతుంది. తలెత్తేసరికి ఆగిపోతుంది. నాతో దాగుడుమూతలా?”

“లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళెవరో ధైర్యం కోసం పాడుకుంటుంటే ఫోన్లో వినపడిందేమో సార్,” అన్నాడు పొడుగు మెకానిక్.

“నువ్వు నోర్ముయ్!”

ఎవరూ నవ్వలేదు. అది ఆఫీసరుగారి భార్య వంటింట్లో పాడుకునే పాత పాట అని, వాళ్ళింటికి భోజనాలకు వెళ్ళిన అందరికీ తెలుసు. ఆమెకు రెండు లైన్లే వచ్చు. మూడో లైను దగ్గర ఆగి, కాసేపు వెతుక్కుని, దొరక్క మళ్ళీ మొదటికి వచ్చేది. ఆమె పోయి పది నెలలు. ఇప్పుడా పాట, సరిగ్గా అదే చోట ఆగుతూ, ఆఫీసులో వినబడుతోంది.

“ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాణ్ణి ఇలా ఏడిపిస్తారా? మీకేం అపకారం చేశాను? నాలుగింటిలోగా ఎవరో చెప్పండి. లేదా అందరికీ మెమోలు. దొరికినవాళ్ళు రేపట్నుంచి గోడౌనుకే!”

గోడౌను ఊరవతల. రెండు బస్సులు మారాలి.

మూడున్నరకు మళ్ళీ వినబడింది. ఆయన కుర్చీ వెనక్కి తన్ని హాల్లోకి ఉరికారు. నిశ్శబ్దం. టైపిస్టు వేళ్ళు మీటల మీద గాల్లోనే ఆగి ఉన్నాయి.

“విన్నావా?”

“విన్నాను సార్.”

“ఎవరు?”

ఆమె తల దించుకుంది. ఆయన మొహం కందగడ్డయింది.

నాలుగింటికి ఐదు నిమిషాలుండగా ఆమే వచ్చి తలుపు తట్టింది.

“నేనే సార్.”

“నువ్వా!”

ఆయనకు తలనొప్పి వచ్చిన రోజు అడక్కుండా టీ తెచ్చిపెట్టేది ఈ అమ్మాయే. ఆమె కూతురికి జ్వరమొస్తే సెలవు చీటీ కూడా అడక్కుండా ఇంటికి పంపింది ఆయనే. అందుకే కోపం రెట్టింపయింది.

“పనిలో పడితే తెలియకుండానే వచ్చేస్తుంది సార్.”

“ఆ పాట నీకెలా వచ్చు?”

“చాలాసార్లు విన్నాను సార్.”

“మా ఇంటికొచ్చినప్పుడన్నమాట! ఆవిడ వడ్డించింది తిని, ఆవిడ పాటతో నన్ను పొడుస్తావా?”

ఇంతలో తలుపు తోసుకుని మెకానిక్ వచ్చాడు.

“సార్, ఆవిడ కాదు. పాడింది నేను.”

“ఏదీ, పాడు.”

పాడాడు. నూనె చూడని కప్పీ కూడా కాస్త నయం.

“చాలించు! ఇది వింటే లిఫ్టులు మధ్యలో ఆగిపోతాయి. నువ్వు పాడమ్మా.”

టైపిస్టు కళ్ళు మూసుకుంది. మొదటి లైను. రెండో లైను. మూడో లైను అంచున ఆగి, దేన్నో వెతుక్కున్నట్టు కాస్త తడబడి, మళ్ళీ మొదటికి వచ్చింది.

“అదే! సరిగ్గా అక్కడే!” బల్ల మీద గుద్దారాయన. గ్లాసు దొర్లి నీళ్ళు రిజిస్టరు మీదికి పాకాయి. ఆమె గబగబా చున్నీతో తుడవబోతే చెయ్యి తోసేశారు. గోడౌను ఉత్తర్వు అక్కడికక్కడే రాసి, కాగితం చిరిగేలా సంతకం పెట్టారు.

“పాపని ఐదున్నరకల్లా క్రెష్ నుంచి తెచ్చుకోవాలి సార్. ఆవిడకి ఇంకెవరూ లేరు,” అన్నాడు మెకానిక్.

“అది పాడేముందు ఆలోచించాల్సింది. రేపట్నుంచైనా నా చెవులకు ప్రశాంతత దొరుకుతుంది. వెళ్ళండి!”

ఐదింటికి హాలు ఖాళీ అయింది. టైపిస్టు తన సొరుగులో సామాను సంచిలో సర్దుకుంటుంటే మెకానిక్ పక్కనే నిలబడి నసుగుతున్నాడు.

“నీకేమన్నా పిచ్చా చెల్లెమ్మా? రెండు బస్సులు! పాప సంగతేంటి?”

“పక్కింటి పిన్నిగారిని అడుగుతాను అన్నా. ఓ గంట చూడరా?”

“నిజం చెప్పేస్తే పోయేదిగా!”

“చెబితే ఆగిపోతుంది.”

మెకానిక్ అద్దాల గది వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

“మరి రేపు మళ్ళీ వినబడితే?”

“అప్పుడు నువ్వు ఒప్పుకో. ఈలోపు కాస్త సాధన చెయ్యి.”

అతను నవ్వబోయి, నవ్వలేక, ఆమె సంచి అందుకుని మెట్ల వైపు నడిచాడు. వరండాలో పక్క ఆఫీసువాళ్ళు లిఫ్టు కోసం నిలబడి ఉన్నారు. ఆమె గడప దాటుతుండగా వెనక లోపల్నుంచి పాట మొదలైంది. మొదటి లైను. రెండో లైను. ఆగింది. వెతుక్కుంది. మళ్ళీ మొదటికి వచ్చింది.

వరండాలోవాళ్ళు ఇటు తిరిగేలోపే, చప్పుడు కాకుండా హాలు తలుపు దగ్గరకు వేసిందామె.

లోపల ఆఫీసరుగారు ఒక్కరే ఉన్నారు.