రెండో స్వెట్టర్

ఆ రోజు ఆ ఇంట్లో ఎవరెవరున్నారని అడిగితే లక్సెట్టిపేటలో ఎవరైనా ఇట్లాగే చెప్పేవారు.

అరుగు మీద రేడియో పక్కన జలపతిరావు. లోపల చాప మీద ఆయన భార్య జానకీబాయి, ఎదురింటి సరళాదేవి, వెనకింటి ఇందిరాదేవి, వాళ్ల మధ్య ఊలు ఉండలు. గడప దగ్గర గోడకు ఆనుకొని పనిపిల్ల మార్త. గోడ మీద ఫొటోలో, ఫౌజు టోపీ పెట్టుకొని, జానకీబాయి ఒక్కగానొక్క కొడుకు భూపాల్‌రావు.

బంగ్లాదేశ్ యుద్ధం ఆగి వారమైంది. సూదులు మాత్రం ఆగలేదు.

"లడాయి ఆగితే మంచు ఆగుతదా? సిపాయిలు ఇంకా గాడ్నే ఉన్నరు," అన్నది జానకీబాయి.

మార్త అల్లిక ఆపి తలెత్తింది. లడాయి ఆగితే ఇంటికి పోవచ్చునని ఇన్నాళ్లూ అనుకున్నది. ఎల్లుండే క్రిస్మస్.

దసరాకు పది రోజుల పనికని వచ్చిన పిల్ల ఆమె. ఊళ్లో మిషన్ బడి టీచరమ్మ దగ్గర అల్లిక నేర్చుకుంది. ఆ చేతులు సూదులు పడితే చూడముచ్చట. అందుకే జానకీబాయి వదలడం లేదని వాడకట్టంతా అనుకుంది. నీళ్లకు పంపదు. అంగడికి పంపదు. ఆదివారం చర్చికి కూడా పంపదు.

సరళాదేవి మార్త ఒడిలోని స్వెట్టర్ లాగి పైకెత్తి పట్టుకుంది.

"ఓ పోరీ, గిదేందే? ఫొటోల చూడు, భూపాల్ నడుము పిడికెడు. నువ్వు గింత పొట్ట పెట్టినవ్! గిండ్ల వాడు పడ్తడు, వాని బాపు గూడ పడ్తడు."

ఇందిరాదేవి పకపకా నవ్వింది. అరుగు మీద జలపతిరావు రేడియో మోత పెంచాడు.

"నిన్నే అడుగుతున్న. పోయిన నెల పచ్చ స్వెట్టర్ మంచిగనే అల్లితివి గదా, సరిగ్గ ఫొటో కొలతకు. సరిహద్దుల తిండికి మనిషి ఇంకింత ఎండుతడు గని ఊరుతడా?"

మార్త తల వంచుకొని ఊలు ఉండ చుట్టసాగింది.

"నీ అల్లిక సంగతి చూస్కో సరళా. నీ మేజోడు బియ్యం సంచి లెక్కయింది," అంటూ జానకీబాయి స్వెట్టర్ అందుకొని మడత పెట్టేసింది. "లోపల రెండు అంగీలు ఏస్కుంటడు నా కొడుకు. నేనే చెప్పి వదులు పెట్టిపిచ్చిన. పచ్చది పార్సెల్ చేసినట్టే గిది గూడ నేనే పంపుకుంట."

"కన్నతల్లికి తెలుస్తది లే," ఇందిరాదేవి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "రోజూ పొద్దూకంగనే కొడుకు పేరు మీద మేడ మీద గదిల పళ్లెం పెట్టిస్తవ్. గసొంటి తల్లిని నేను చూడలే వదినె."

"ఏం లాభం?" అన్నది సరళాదేవి. "దసరా సెలవుకొచ్చి పోయేటప్పుడు మాకు కనపడకుంటనే పాయె. పొద్దుగాల లేచి చూస్తే మనిషి లేడు."

అంతలో అరుగు కింద దగ్గు వినిపించింది. యెషయా వచ్చాడు. మార్త తండ్రి. భుజం మీద చిన్న మూట.

"దండం దొరా. దండం దొరసానీ. పండుగకు బిడ్డను తోల్కపోదామని వచ్చిన. వాళ్లవ్వ అప్పాలు చేసింది. చర్చి పాటలోళ్లు మార్త ఏదని ఒక్కతీర్గ అడుగుతున్నరు."

మార్త లేచి నిలబడింది. ఆమె బట్టల సంచి పొద్దుటి నుంచీ తలుపు చాటున సిద్ధంగా ఉంది.

"తోల్కపో యెషయా," అన్నది జానకీబాయి మెత్తగా. "నేనేమన్న కట్టేసిన్నా? నీ బిడ్డనే అడుగు."

అడగమని మార్త వైపే చూస్తూ కూర్చుంది. ఆ చూపు మార్త మీది నుంచి గూట్లో ఉన్న మార్త బైబిల్ మీదికి పోయింది. మళ్లీ మార్త మీదికి వచ్చింది.

సంచి వైపు సాగిన మార్త చెయ్యి ఆగిపోయింది.

"రాను బాపూ."

"రావా? ఎందుకు బిడ్డా? పానం మంచిగ లేదా?"

"ఒట్టు పెట్టిన. బైబిల్ మీద."

సరళాదేవి ముక్కు మీద వేలేసుకుంది. యెషయా ఒక క్షణం తెల్లబోయాడు. చాప మీది ఊలు ఉండలు చూశాడు. గోడ మీది ఫొటో చూశాడు. మెల్లమెల్లగా అతని ముఖం విచ్చుకుంది.

"సిపాయిల కోసం ఒట్టు పెట్టినవా తల్లీ! అల్లిక అయ్యేదాక ఇల్లు కదలనని! గీ మాట పాస్టరయ్యకు చెప్త. పండుగ నాడు నీ పేరు మీద ప్రార్థన చేయిస్త."

"అది కాదు బాపూ..."

"మార్తా," అన్నది జానకీబాయి. అంతే అన్నది.



యెషయా అప్పాల మూట బిడ్డ చేతిలో పెట్టాడు. తల నిమిరాడు. కళ్లు తుడుచుకుంటూ, ఎదురైన వాళ్లకల్లా బిడ్డ ఒట్టు సంగతి చెప్పుకుంటూ బస్సు దగ్గరికి పోయాడు. అతని తలగుడ్డ మలుపు తిరిగేదాకా మార్త గడప దగ్గరే నిలబడింది. గడప దాటలేదు.

పొద్దుగూకింది. ఆడవాళ్లు సూదులు సర్దుకొని ఇళ్లకు పోయారు. జానకీబాయి వీధి తలుపు గడియ వేసి, పళ్లెంలో అన్నం, కోడికూర పెట్టి మార్త చేతికిచ్చింది.

"నడువు. సల్లారుతది."

మార్త ఒక్కొక్క మెట్టే ఎక్కి మేడ మీద గది ముందు ఆగింది.

పోయిన నెల సరిహద్దుకు పోయిందనుకున్న పచ్చ స్వెట్టర్ పొట్ట దగ్గర గుండీలు పట్టక నోరు తెరుచుకొని ఉండగా, భూపాల్‌రావు లోపలి నుంచి చెయ్యి చాపి పళ్లెం అందుకొని, ఆమె ముఖం మీదే తలుపు మూశాడు.