నీలం గదిలో పగుళ్లు

కొత్త బాత్రూంలో టైల్స్ మధ్య సందులు మళ్లీ పగిలాయి.

ప్రమోదిని మోకాళ్ల మీద కూర్చుని వేలితో తడిమింది. రెండోసారి పూసి వారం కాలేదు. తెల్ల సిమెంటు గీతల వెంట వెంట్రుకలంత సన్నటి చీలికలు. గోటితో గీరితే పొడి రాలింది. తలుపు దగ్గర టైలు ఒకటి మూల చిట్లింది కూడా.

ఈ గది ఆమె ముచ్చట. సోంపేట వెళ్లి తనే ఎంచుకుంది. సముద్రం రంగు టైల్స్, అక్కడక్కడా చిన్న శంఖం బొమ్మ. మేస్త్రి పని ముగించిన రోజు ఉత్తకాళ్లతో అడుగుపెట్టి, ఆ చల్లదనానికి తనలో తనే నవ్వుకుంది. టెక్కలిలో డిగ్రీ కలిసి చదివిన స్నేహితురాళ్లకి పద్నాలుగు ఫొటోలు పంపింది.

"హనీమూన్ ఫొటోలు పంపమంటే బాత్రూం ఫొటోలేంటే?" అని ఒకమ్మాయి ఏడిపించింది.

ఆ గది ఎందుకు కట్టించాల్సి వచ్చిందో మాత్రం వాళ్లకి చెప్పలేదు. పెళ్లయిన రెండో నెలలోనే భర్త ఢిల్లీబాబు కాళ్లు వాచాయి. ఇప్పుడు వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. పెరటి చివరి దాకా నడిస్తే ఆయాసం. అందుకే పడగ్గదిని ఆనుకుని ఇది.

రోజుకి ముప్పావు లీటరు నీళ్లు, అంతకు మించి చుక్క దాటకూడదన్నారు. ప్రమోదిని ఒక సీసా మీద గోళ్లరంగుతో మూడు గీతలు గీసింది. పొద్దుటికొకటి, మధ్యాహ్నానికొకటి, రాత్రికొకటి. మంచినీళ్ల టిన్ను వంటింట్లో పెట్టి తాళం వేసింది. పెరట్లో బోరు కుళాయి దగ్గర అత్త పైడమ్మ జీడిపిక్కలు ముందేసుకుని కాపలా కూర్చునేది.

అయినా ఒంట్లో నీరు చేరుతూనే ఉంది.

"మళ్లీ ఇలా నాలుగేసి కిలోలు పెరిగి వస్తే గుండె తట్టుకోదమ్మా" అన్నాడు డాక్టరు మొన్న.

ఇంటికి రాగానే పైడమ్మ అందుకుంది. "కూరల్లో ఉప్పేత్తన్నావేటే?"

"ఉప్పు డబ్బా మీ మంచం కిందే కదత్తా ఉంది."

"మరి నా కొడుకెందుకలా ఉబ్బిపోతన్నాడు? నువ్వే సీసా నింపి ఇచ్చేత్తన్నావు. కొత్త పెళ్లాంవి, మొగుడడిగితే కాదనగలవా?"

"బారువ నుంచి ఉప్పుచేపలు తెప్పించిందెవరో నన్నడక్కండి!"

"ఓలమ్మ! నాను తినడానికి తెచ్చుకున్నాను. కన్నకొడుక్కి నాను పెడతానేటే?"

పైడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ప్రమోదిని వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. ఇద్దరూ చెరో గదిలో ఏడ్చారు.

ఇప్పుడు ఈ పగుళ్లొకటి. ఫోన్ చేస్తే మేస్త్రి దానయ్య విసుక్కుంటూనే వచ్చాడు.

"పాత సిమెంటేమో మావా?"

"పాతదేటి? ఇదే బత్తాలోది మీ పక్కింటోలకి పూసినాను. ఎల్లి సూడు, గునపం దిగదు." తాపీ పిడితో టైలు మీద కొట్టాడు. డొల్లగా మోగింది. "నీల్లు పట్నేదు. పూటకో సెంబుడు జల్లమన్నానా? బోరు నీల్లు సాలన్నానా? ఎలాగూ కిడ్నీలు పోతాయని వాటిని ఈ ఊల్లో ఎవులూ తాగరు కదా, ఇంకెందుకమ్మా పొదుపు?"

"పొదుపేం లేదు మావా. లోపల కుళాయి ఇంకా బిగించలేదుగా, రెండు పూటలా నేనే చెంబు నింపి ఇస్తున్నాను. మా బావే జల్లుతున్నాడు."

"జల్లుతన్నాను మావా" అన్నాడు మంచం మీంచి ఢిల్లీబాబు. "ఎండలు సూడు ఎలాగున్నాయో. ఇట్టే ఆరిపోతంది."

ఆ పని అతనే అడిగి మరీ తీసుకున్నాడు. "నాకూ ఏదో పని సెప్పు ప్రమో. మంచానికి అతుక్కుపోయినాను" అన్నాడు మొదటిరోజే. సోంపేట, బారువల మధ్య రోజంతా ఆటో తోలిన మనిషి. అలా అడిగినందుకు ఆమె ప్రాణం లేచొచ్చింది. చెంబు అందుకుని, వడగాలి కొడుతుందని తలుపు దగ్గరగా వేసుకుని, కాసేపటికి బయటికొచ్చేవాడు. ఆ కాసేపూ అతని ముఖం తేటపడేది. మనిషికి చేతినిండా పని ఉంటే ఎంత మార్పో అని ఆమె మురిసిపోయేది. రోజు మొత్తంలో ఆ రెండు క్షణాల కోసమే ఎదురుచూసేది.

దానయ్య సందులు గీకి మళ్లీ పూశాడు. చిట్లిన టైలు మార్చాడు. "ఈసారి పగిలితే నా పేరు దానయ్యే కాదు" అని సైకిలెక్కాడు.

సాయంత్రం ప్రమోదిని చెంబు నిండా నీళ్లు పట్టుకొచ్చింది. ఢిల్లీబాబు రెండు చేతులూ చాపి అందుకున్నాడు.

"మూలమూలలా తడుపు బావా. మేస్త్రి దగ్గర మళ్లీ మాట పడలేను."

"నాను సూసుకుంటాను కదేటి. నువ్వెల్లు."

వెళ్లబోయి ఆగింది. కాళ్లు అంతలా వాచిపోయి, వంగితే ఊపిరాడని మనిషి మూలమూలలా ఎలా తడుపుతాడు? తనకిన్నాళ్లూ తోచనే లేదు. అందుకేనేమో అంచులన్నీ ఎండి పగులుతున్నాయి. పాపం, చెప్పుకోలేక ఊరుకుంటున్నాడు. ఇద్దరం కలిసి తడిపితే సరి. ఆ ఆలోచనకే ఆమెకి నవ్వొచ్చింది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది.

తలుపుకి గడియ ఇంకా బిగించలేదు. చప్పుడు కాకుండా తోసింది.

నేల మీద ఎక్కడా చుక్క తడి లేదు. గోడకి చేరబడి, కళ్లు గట్టిగా మూసుకుని, ఢిల్లీబాబు ఆ చెంబెడు బోరు నీళ్లనీ గటగటా తాగుతున్నాడు.